హెచ్చరికలు వచ్చాయి.. పట్టించుకున్నదెవరు?

అమెరికాలో ఏ స్కూల్లోనో కాల్పులు జరిగాయంటే చాలు, సోషల్ మీడియాలో గంటలోపే తీర్పులు వచ్చేస్తాయి. తుపాకీ చట్టాలదే తప్పని ఒకరు, వీడియో గేమ్స్ వల్లేనని ఇంకొకరు, పెంపకం బాగాలేదని మరొకరు! మరి కన్నవాళ్ల బాధ్యత ఎంతవరకు? మిషిగన్‌లో ఒక కేసు దీన్ని కోర్టు దాకా తీసుకెళ్లింది.

2021 నవంబరు 30న ఆక్స్‌ఫర్డ్ హైస్కూల్లో 15 ఏళ్ల విద్యార్థి కాల్పులు జరిపాడు. నలుగురు విద్యార్థులు చనిపోయారు. ఒక టీచర్ సహా ఏడుగురు గాయపడ్డారు. ఆ తుపాకీని తండ్రి నాలుగు రోజుల ముందే కొన్నాడు. పిల్లాడు క్లాసులో ఫోన్లో తూటాల కోసం వెతుకుతున్నాడని ముందురోజే స్కూలు నుంచి తల్లికి కబురొచ్చింది. ఆమె దాన్ని నవ్వులాటగా తీసుకుని, ఈసారి దొరక్కుండా చూసుకోమని కొడుక్కి మెసేజ్ పెట్టింది. కాల్పుల రోజు ఉదయం అతని లెక్కల పేపరు మీద తుపాకీ బొమ్మ, సాయం చేయమంటూ రాతలు కనిపించాయి. స్కూలువాళ్లు తల్లిదండ్రులను పిలిపించారు. వాళ్లు తుపాకీ సంగతి చెప్పలేదు, పిల్లాణ్ని ఇంటికి తీసుకెళ్లలేదు. స్కూలువాళ్లూ బ్యాగు వెతకలేదు. తుపాకీ అందులోనే ఉంది.

2024లో ఆ తల్లిదండ్రులను వేర్వేరుగా విచారించి, నిర్లక్ష్యంతో ప్రాణాలు పోవడానికి కారణమైన నరహత్య కేసులో ఇద్దరినీ దోషులుగా తేల్చారు. చెరో 10 నుంచి 15 ఏళ్ల జైలు. పిల్లలు స్కూల్లో జరిపిన సామూహిక కాల్పులకు తల్లిదండ్రులకు ఇలాంటి శిక్ష పడటం అమెరికాలో అదే మొదలు.

'కొడుకు చేసిన నేరానికి అమ్మానాన్నలు జైలుకా?' అని చాలామంది అడిగారు. రేపు పేద తల్లిదండ్రుల మీద ఈ తీర్పును వాడితే ఎలా అన్న భయమూ కొట్టిపారేయదగ్గది కాదు. కానీ కొడుకు తన నేరానికి జీవితఖైదు అనుభవిస్తున్నాడు. తల్లిదండ్రుల విచారణ వాళ్లు చేసినదాని మీదే జరిగింది. తుపాకీతో పాటు వచ్చిన తాళాన్ని వాడనేలేదు. దాన్ని వేయడానికి పట్టేది సెకన్లే!

ఆ స్కూలున్న ఓక్లాండ్ కౌంటీలోనే నోవై, ట్రాయ్ ఉన్నాయి. అక్కడ మన తెలుగు కుటుంబాలు బోలెడు. ఎంఎస్‌కో, ఉద్యోగానికో వెళ్లే మీరూ రేపు పిల్లల్ని ఇలాంటి స్కూళ్లకే పంపాల్సి రావచ్చు. పిల్లాడు ఆటకి ఫ్రెండ్ ఇంటికి వెళ్తుంటే 'మీ ఇంట్లో తుపాకీ ఉందా? తాళం వేసి పెడతారా?' అని అడగమని అక్కడి పిల్లల డాక్టర్లు చెబుతారు. మొహమాటపడకుండా అడగండి.

టెక్ ఫీల్డ్‌లో ఉన్నవాళ్లకి తెలుసు.. సర్వర్ పడిపోయే ముందు అలర్ట్‌లు వస్తాయి. చూసి పక్కన పెట్టేస్తే అవి ఉండీ లేనట్టే. ఆక్స్‌ఫర్డ్‌లో అలర్ట్ ఏ యాప్ నుంచో రాలేదు. పిల్లాడే తన చేత్తో పేపరు మీద రాశాడు. ఆ పూట అతన్ని ఇంటికి తీసుకెళ్లి, పక్కన కూర్చుని 'ఏమైంది నాన్నా?' అని అడిగి ఉంటే?