ఆ పార్కులో అందరూ ఆడేవాళ్లే!

సెలవులకు వెళ్లినచోట ఈతకొలనులో కొందరు పిల్లలు ఆడుకుంటున్నారు. పన్నెండేళ్ల మోర్గాన్‌కి వాళ్లతో కలవాలని ఆశ. దగ్గరికి వెళ్లింది. పిల్లలు మాత్రం ఆమెకు దూరంగా జరిగిపోయారు. మోర్గాన్‌కి పుట్టుకతోనే మానసిక ఎదుగుదల సమస్య, దానికితోడు శారీరక వైకల్యం. ఆ దృశ్యం తండ్రి గార్డన్ హార్ట్‌మన్ మనసులో ముల్లులా ఉండిపోయింది.

అది 2006. గార్డన్‌ది అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రం, శాన్ ఆంటోనియో నగరం. ఇళ్లు కట్టి అమ్మే వ్యాపారాన్ని అంతకు ముందేడాదే వదిలేశాడు. ఇలాంటి పిల్లల్ని ఆటలకు ఎక్కడికి తీసుకెళ్లాలని తెలిసినవాళ్లందరినీ అడిగాడు. ఎవరి దగ్గరా జవాబు లేదు. 'లేకపోతే మనమే కడదాం' అనుకున్నారు గార్డన్, ఆయన భార్య మ్యాగీ. డాక్టర్లనీ థెరపిస్టుల్నీ తల్లిదండ్రుల్నీ కూర్చోబెట్టి సలహాలడిగారు. అలా ఒకప్పటి క్వారీ స్థలంలో, 25 ఎకరాల్లో 2010లో తెరుచుకుంది... 'మోర్గాన్స్ వండర్‌ల్యాండ్'.

అక్కడి ఊయల ఎక్కాలంటే చక్రాల కుర్చీ దిగక్కర్లేదు, కుర్చీతో సహా ఊగొచ్చు. రంగులరాట్నంలో గుర్రాలతో పాటు కుర్చీ ఉన్న రథం కూడా పైకీ కిందికీ కదులుతుంది. బొమ్మ రైల్లోకీ కుర్చీతోనే వెళ్లొచ్చు. 2017లో పక్కనే నీళ్ల పార్కూ వచ్చింది. బ్యాటరీ కుర్చీ తడిస్తే పాడైపోతుంది కదా! అందుకే పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయం సాయంతో గాలి ఒత్తిడితో నడిచే కుర్చీలు తయారు చేయించారు. వైకల్యం ఉన్నవారికి రెండు పార్కుల్లోనూ టిక్కెట్టు లేదు.

అలాగని ఇది వాళ్లకోసమే కట్టిన పార్కు కాదు. వచ్చేవాళ్లలో ఎక్కువమందికి ఏ వైకల్యమూ లేదు. అసలు కిటుకంతా అక్కడే ఉంది. ఒక మూల ప్రత్యేకంగా ఓ ఊయల వేసి వదిలేస్తే, అందులో ఊగే పాప మళ్లీ ఒంటరే అవుతుంది. అందరూ ఎక్కే రంగులరాట్నంలోనే తనకీ చోటుంటే... పక్క గుర్రం మీద కూర్చున్న పిల్లాడు స్నేహితుడవుతాడు. మన వీధి చివరి పార్కుకీ ఈ సూత్రం వర్తిస్తుంది. మెట్ల పక్కన ఓ ర్యాంపు, చక్రాలు కూరుకుపోని నేల... మొదలుపెట్టడానికి అవి చాలు.

అన్నట్టు, పార్కు తెరిచిన కొత్తలో రంగులరాట్నం ఎక్కడానికి మోర్గాన్ భయపడింది. అదెందుకు తిరుగుతుందో, బొమ్మలు ఎందుకు పైకీ కిందికీ ఊగుతాయో తనకి అర్థంకాలేదు. ఎవరూ తొందరపెట్టలేదు. ఆ భయం పోవడానికి మూడేళ్లు పట్టింది. ఆ తర్వాత తనకి అదంటే ఇష్టం!