గ్రామ జనాభా పట్టికలో రైతు ఎవరు?

వరిలో చదరపు మీటరుకు 33 కుదుళ్లు ఉండేటట్లు నాటాలని కొన్నేళ్ల క్రితం ఒక గ్రామంలో శిక్షణ ఇచ్చాము. హాజరైనవారు దాదాపు అందరూ పట్టాదారులైన పురుషులే. నాట్లు ముగిశాక పొలాల్లో లెక్కించి చూస్తే, చాలాచోట్ల కుదుళ్లు తక్కువగా ఉన్నాయి. నాట్లు వేసినవారు ఎకరాకు ఇంత అని గుత్తకు కుదిరిన కూలి స్త్రీలు. మా మాట వారి దాకా చేరలేదు. లోపం సిఫారసులో లేదు. ఆ గ్రామంలో ఏ పని ఎవరి చేతుల మీదుగా జరుగుతున్నదో తెలుసుకోకుండా వెళ్లిన మాలోనే ఉన్నది.

ఈ విషయం తెలుసుకోవడానికి తొలి ఆధారం జనగణన. ప్రతి రెవెన్యూ గ్రామానికీ కుటుంబాల సంఖ్య, స్త్రీ పురుషుల సంఖ్య, ఆరేళ్ల లోపు పిల్లలు, షెడ్యూల్డు కులాలు, తెగల జనాభా, అక్షరాస్యుల సంఖ్య అందులో లభిస్తాయి. పనిచేసేవారిని సాగుదారులు, వ్యవసాయ కూలీలు, కుటుంబ పరిశ్రమలవారు, ఇతరులు అని నాలుగు వర్గాలుగా చూపుతారు. ఏడాదిలో ఆరు నెలలు, అంతకు మించి పని ఉన్నవారిని, అంతకంటే తక్కువ పని దొరికినవారిని వేరుచేస్తారు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2001లో సాగుదారులు సుమారు 78.6 లక్షలు, వ్యవసాయ కూలీలు 1.38 కోట్లు. 2011 నాటికి సాగుదారులు 64.9 లక్షలకు తగ్గగా, కూలీలు 1.70 కోట్లకు పెరిగారు. అంటే వందమంది సాగుదారులకు కూలీల సంఖ్య పదేళ్లలో సుమారు 176 నుండి 261కి చేరింది. రైతులకు మాత్రమే ఉద్దేశించిన విస్తరణ కార్యక్రమం సాగులో పనిచేసే వారిలో ఎందరిని వదిలివేస్తున్నదో ఈ అంకెలు చెబుతాయి.

అయితే పట్టికను యథాతథంగా స్వీకరించరాదు. సొంత భూమి దున్నేవారు, కౌలుదారులు, పర్యవేక్షణ మాత్రమే చేసేవారు అందరూ జనగణన దృష్టిలో సాగుదారులే. కొంత భూమి ఉండి కూలికి కూడా వెళ్లే వ్యక్తి, ఎక్కువ కాలం చేసే పనిని బట్టి ఒకే వర్గంలో చేరుతాడు. పశుపోషణ ‘ఇతరుల’లో కలిసిపోతుంది. శివారు పల్లెల లెక్క రెవెన్యూ గ్రామం మొత్తంలో ఇమిడి ఉంటుంది.

ఈ లోటును ఇంటింటి పరిశీలనతో పూరించవచ్చు. 1975లో ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు మహబూబ్‌నగర్ జిల్లా ఔరేపల్లెతో పాటు మహారాష్ట్రలోని గ్రామాలలో అధ్యయనం ప్రారంభించినప్పుడు, ఒక్కొక్క గ్రామంలో 40 కుటుంబాలను ఎంచుకున్నారు. చిన్న, మధ్యతరహా, పెద్ద కమతాల నుండి పదేసి కుటుంబాలతో పాటు కూలి కుటుంబాలు పదింటిని కూడా చేర్చారు. పరిశోధకులు గ్రామంలోనే నివసించి వివరాలు సేకరించారు. వ్యవసాయాన్ని అర్థం చేసుకోవాలంటే భూమి లేని ఇంటికి కూడా వెళ్లాలన్న గుర్తింపు ఆ ఎంపికలోనే ఉన్నది.

విద్యార్థులు గ్రామంలో అడుగుపెట్టిన తొలి వారంలో ఒక చిన్న పట్టిక తయారుచేసుకోవాలి: భూమి ఎవరిది, సాగు ఎవరిది, నాట్లు, కలుపుతీత ఎవరివి, మందు పిచికారీ ఎవరిది, పశువులను చూసేదెవరు. శిక్షణకు ఎవరిని, ఏ వేళకు పిలవాలో దానిని బట్టి నిర్ణయించుకోవాలి. కూలికి వెళ్లిన స్త్రీ పగలు పదింటికి జరిగే సమావేశానికి రాలేదు.

రాబోయే జనగణనకు 2027 మార్చి 1 ప్రామాణిక తేదీ. కొత్త అంకెలు వచ్చేవరకు 2011 పట్టికే మన చేతిలో ఉన్నది. దానిని పట్టుకొని పొలం గట్టుకు వెళ్లి సరిచూసుకోవడం విస్తరణ శాస్త్రవేత్త తొలి బాధ్యత.