కారులోని లావుతీగకు ఫ్యూజు ఎచట?

అబిడ్స్ నుండి నాంపల్లి స్టేషనుకు నడచుచుండగా కొన్ని కార్లలోని పాట మన గుండెలను సైతము అదరగొట్టును. ఆ మోత వెనుక వ్రేలెడు లావు తీగ కలదు.

ఇంట 600 వాట్ల పరికరము 230 వోల్టుల వద్ద మూడు ఆంపియర్లకు లోపే గ్రహించును. కారు బ్యాటరీ 12 వోల్టులదే. కనుక అదే సామర్థ్యమునకు 50 ఆంపియర్లు కావలెను.

బ్యాటరీ సాధారణముగా ఇంజను ప్రక్క, ఆంప్లిఫయరు వెనుక డిక్కీలో నుండును. నడుమ తీగ రేకులోని రంధ్రము గుండా పోవలెను. కుదుపులకు అంచు ఒరసి తొడుగు చిరిగి, లోని రాగి రేకునకు తగిలిన నేమగును? కారు శరీరమే ఋణధ్రువమునకు కలిపియుండును గదా! వందలకొలది ఆంపియర్లు ప్రవహించును. ప్రవాహము పదిరెట్లైన, తీగలో పుట్టు వేడిమి నూరు రెట్లగును, తొడుగు అంటుకొనును. పన్నెండు వోల్టులు షాకు కొట్టవు గనుక అపాయము లేదనుకొనువారు దీనిని మరచెదరు.

“ఆంప్లిఫయరులో ఫ్యూజు కలదు గదా, మాస్టారూ?” అని ఒక విద్యార్థి అడిగెను. మంచి ప్రశ్న. కాని ఒరపిడి దానికి ముందే జరిగినచో ఆ ఫ్యూజు గుండా ప్రవాహమే పోదు! తీగను కాపాడు ఫ్యూజు వేరు. అది బ్యాటరీ ధనధ్రువమునకు మూరెడు లోపల, అనగా సుమారు 45 సెంటీమీటర్లలో, ఉండవలెను. దాని విలువ తీగ భరింపగల ప్రవాహమును మించరాదు. రంధ్రమునకు రబ్బరు వలయము తొడుగవలెను.

ఫ్యూజు మరల మరల కాలుచున్నచో పెద్దది వేయరాదు. రాగితీగ చుట్టనే రాదు. తీగ ఎచట ఒరసికొనుచున్నదో వెదకవలెను.