ఫోటోకు ‘సూపర్’ ఒక్కటే చాలదు

ఫరీదాబాద్ అనగానే ఫ్యాక్టరీలు, ట్రాఫిక్, చలికాలపు పొగమంచు గుర్తుకొస్తాయి. అయితే ఈ జిల్లా పడమటి అంచున ఆరావళి కొండలున్నాయి. ఢిల్లీ సరిహద్దులో అసోలా భట్టీ అభయారణ్యం, గురుగ్రామ్ వైపు మాంగర్ గ్రామం పక్కన మాంగర్ బనీ అడవి ఉన్నాయి. అక్కడ కొమ్మ నరికితే కీడు జరుగుతుందన్న నమ్మకంతో చుట్టుపక్కల ఊళ్లవాళ్లు తరతరాలుగా ధావ్ చెట్లను కాపాడుకుంటూ వచ్చారు. ఇక పిట్టలు, సీతాకోకచిలుకలు చూడాలంటే అంత దూరం కూడా వెళ్లక్కర్లేదు. మన క్వార్టర్ల పక్క పార్కు చాలు.

వాటిని ఫోటో తీసి పంచుకునే అలవాటు మన కుటుంబాల్లో పిల్లలకూ, రిటైరైన పెద్దలకూ బాగా అబ్బుతోంది. వాట్సాప్ గ్రూపులో పెట్టిన ఫోటోకు ‘సూపర్’ అనో, చప్పట్ల బొమ్మో వస్తుంది. సంతోషమే. కానీ ప్రకృతి పరిశీలకుల వేదికల్లో దొరికేది ఇంకొకటి ఉంది. పక్షుల కోసం 2002లో మొదలైన ఈబర్డ్‌లో గానీ, అన్ని జీవుల కోసం 2008లో కాలిఫోర్నియాలోని బర్కిలీలో విద్యార్థుల ప్రాజెక్టుగా పుట్టిన ఐనాచురలిస్ట్‌లో గానీ ఫోటో అంటే ఒక రికార్డు. దాన్ని ఇంకొకరు సరిచూస్తారు.

ఈ పద్ధతి మనకు కొత్తేమీ కాదు. బ్యాంకులో ఎంట్రీ వేసేది మేకర్, పాస్ చేసేది చెకర్. ఐనాచురలిస్ట్‌లోనూ అంతే. ఫోటో పెట్టినవారు తేదీ, స్థలం నమోదు చేసి, తమకు తోచిన పేరు చెబుతారు. మిగతావాళ్లు చూసి ఒప్పుకుంటారు, లేదా వేరే పేరు సూచిస్తారు. పేరు చెప్పినవారిలో మూడింట రెండు వంతులకు మించి ఒకే జాతి దగ్గర కలిస్తే ఆ రికార్డు ‘రీసెర్చ్ గ్రేడ్’ అవుతుంది. అక్కడి నుంచి పరిశోధకులు దాన్ని వాడుకునే వీలుంటుంది.

చెకర్ ఎందుకు కావాలో ఒక్క సీతాకోకచిలుక చెబుతుంది. ఖాళీ స్థలాల్లో జిల్లేడు మొక్కల దగ్గర నారింజ రంగు రెక్కలు, నల్లటి కొసలు, వాటి మీద తెల్లటి పట్టీతో ఎగిరేది ప్లెయిన్ టైగర్. దాని గొంగళిపురుగు జిల్లేడు జాతి ఆకులు తిని ఆ విషాన్ని ఒంట్లో దాచుకుంటుంది. ఒకసారి నోట పెట్టిన పిట్ట మళ్లీ దాని జోలికి పోదు. డనాయిడ్ ఎగ్‌ఫ్లై అనే మరో జాతిలో ఆడది అచ్చం ఇలాగే ఉంటుంది. దాని గొంగళిపురుగు తినేది మనం పప్పులో వేసుకునే గంగవాయిలి కూర. విషం లేదు, వేషం మాత్రం ఉంది. ఒక రకంగా దొంగనోటు అన్నమాట!

దొంగనోటును పట్టినట్టే దీన్నీ గుర్తు చూసి పట్టాలి. ప్లెయిన్ టైగర్ వెనక రెక్క మధ్యలో 3 లేదా 4 నల్లచుక్కలు ఉంటాయి. ఎగ్‌ఫ్లై ఆడదానికి వెనక రెక్క పై అంచు దగ్గర ఒక్క చుక్కే. కాబట్టి పాప ‘ప్లెయిన్ టైగర్’ అని ఫోటో పెడితే ‘తప్పు’ అని వదిలేయకండి. ‘వెనక రెక్క మీద చుక్కలు లెక్కపెట్టు తల్లీ, ఎన్నున్నాయి?’ అని అడగండి. తర్వాతి సీతాకోకచిలుకను తనే గుర్తుపడుతుంది. కారణం చెప్పిన దిద్దుబాటు చిన్నబుచ్చదు, నేర్పుతుంది.

ఒప్పుకోవడంలోనూ బాధ్యత ఉంది. పెట్టింది మేనేజర్ గారనో, పెద్దవారనో గుర్తు చూడకుండా ‘అగ్రీ’ నొక్కితే అది వోచర్ చూడకుండా సంతకం పెట్టినట్టే. ఇద్దరు కలిస్తేనే రీసెర్చ్ గ్రేడ్ వచ్చేస్తుంది కనుక ఒక్క మొహమాటం తప్పుడు రికార్డును ఖాయం చేయగలదు. జాతి తేలకపోతే ‘ఏదో డేగ’ వరకే చెప్పి ఆగడం కూడా మంచి సమాధానమే.

ఫోటో పెట్టేవారికీ కొన్ని జాగ్రత్తలు. సీతాకోకచిలుకకు రెక్కల పైభాగం, కిందిభాగం రెండూ తీయండి. పిట్టకు పక్క నుంచి ఒకటి, తోక, కాళ్లు కనబడేలా మరొకటి ఉంటే మేలు. కాస్త మసకగా ఉన్నా ఫరవాలేదు, గుర్తులు కనబడితే చాలు. అందం కోసం రంగులు మార్చిన ఫోటో గుర్తింపుకు పనికిరాదు. గత వారం తీసినదానికి ఇవాళ్టి తేదీ వేయకండి.

అన్నిటికన్నా ముఖ్యమైనది గూడు. తీతువు పిట్ట నేల మీదే రాళ్ల మధ్య గుడ్లు పెడుతుంది. దగ్గరగా వెళ్లి ఫోటో తీసి, ‘ఫలానా పార్కు, ఫలానా గేటు’ అని గ్రూపులో పెడితే మర్నాడు అక్కడ పదిమంది చేరతారు. తల్లిపిట్ట గుడ్లు వదిలి లేచిపోతుంది, కాకులు కాచుకుని ఉంటాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం పక్షుల గూళ్లను, గుడ్లను చెదరగొట్టడాన్ని కూడా ‘వేట’ నిర్వచనంలోనే చేర్చింది. కాబట్టి గూడు ఫోటోలు పెట్టకపోవడమే మంచిది. ఎవరైనా పెడితే, అందరి ముందు మందలించకుండా విడిగా చెప్పి తీయించండి. ముప్పున్న జీవుల విషయంలో ఐనాచురలిస్ట్ అసలు స్థలాన్ని దాచి, సుమారు 20 కిలోమీటర్ల గడిలో ఎక్కడో ఒకచోట చుక్క చూపిస్తుంది. వాట్సాప్‌లో ఆ జాగ్రత్త మనమే తీసుకోవాలి. ఇంటి పెరట్లో తీసిన ఫోటోకూ స్థలం దాచే వీలు ఆ యాప్‌లో ఉంది.

ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులు జరిగే గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ ఇందుకు మంచి అవకాశం. కనీసం 15 నిమిషాలు బాల్కనీలో నిలబడి, కనబడిన పిట్టలను లెక్కపెట్టి ఈబర్డ్‌లో నమోదు చేస్తే చాలు. అమ్మమ్మ లకుముకి పిట్ట అంటుంది, బాబు కింగ్‌ఫిషర్ అంటాడు. రెండూ ఒకటేనని ఇద్దరూ కలిసి చూసి తేల్చుకుంటారు.