కడవ మోయుట పని కాదా?

ఉన్నత పాఠశాలలో చదువు బాలికలు భౌతికశాస్త్రమున ‘పని’ యను పాఠమును చదివి వచ్చి, తల్లులతో నొక వింత మాట చెప్పుదురు: “అమ్మా, నీళ్ల కడవ నెత్తిన బెట్టుకొని చదునైన దారిని నీ వెంత దూరము నడచినను, ఆ కడవపై నీవు చేసిన పని సున్న!” కఱవునకు పేరుపడిన అనంతపురపు సీమలో, తాడిపత్రి వంటి యూరి గృహిణికి ఈ మాట మనసున గ్రుచ్చుకొనక మానదు. కావున దీని భావమును సోదరీమణులకు విశదపఱచుట యుక్తమని తలంచుచున్నాము.

శాస్త్రజ్ఞుల ‘పని’ మన వాడుకలోని పని కాదు. ఒక వస్తువుపై ప్రయోగించిన బలమును, ఆ బలపు దిక్కున వస్తువు కదలిన దూరముచే హెచ్చవేయగా వచ్చునదే పని. ఈ యర్థమును 1829లో కొరియోలిస్ అను ఫ్రెంచి పండితుడు స్థిరపఱచెను. కడవను నిలుపు బలము పై దిక్కునకు. నడక ముందు దిక్కునకు. అందుచేత ఫలము సున్న. అట్లని శ్రమ లేదనరాదు. మెడకండరములును నడుముకండరములును ఎడతెగక బిగిసి, అన్నమువలన గలిగిన శక్తిని వెచ్చించును; అది వేడిమియై పోవును. శాస్త్రము లెక్కించినది కడవకు చేరిన శక్తినే కాని, తల్లి యలసటను కాదు.

బావి యొద్ద లెక్క వేఱు. 15 లీటర్ల నీటిని 10 మీటర్ల లోతునుండి తోడినచో, 15ను 9.8 చేతను, 10 చేతను హెచ్చవేయగా 1,470 జౌళ్ల పని యగును. ఈ పని నశింపదు. పైకి వచ్చిన నీటియందు స్థితిజశక్తిగా నిలుచును. చేంతాడు జాఱి బొక్కెన పడినచో, అదియే గతిజశక్తియై, నీటిని తాకి చప్పుడుగను వేడిమిగను మాఱును. గిలక పనిని తగ్గింపదు. క్రిందికి లాగు వీలు గల్పించి, మన శరీరపు బరువును సాయము తెచ్చును.

పూర్వము రాయలసీమ రైతులు కపిలబావులయొద్ద ఎద్దులను ఏటవాలు దారిని క్రిందికి తోలెడివారు. దిగు ఎద్దుల బరువే నీటి తోలుబానను పైకి లాగుటకు తోడ్పడెడిది. పాఠము చదువకయే మన పెద్దలు యాంత్రికశక్తి నెఱిగి వాడుకొనిరి.

నేడు బోరుబావుల కాలము. 1,000 లీటర్లను 10 మీటర్లనుండి యెత్తుటకు 98,000 జౌళ్లు చాలును. 100 మీటర్లనుండి యైనచో 9,80,000 జౌళ్లు కావలెను. విద్యుత్తు యూనిట్ ఒకటికి 36,00,000 జౌళ్లు గనుక, ఇది పావు యూనిట్‌నకు మించినది. మోటారులోని నష్టమును, గొట్టములోని రాపిడిని చేర్చినచో ఇంకను హెచ్చును. నీటిమట్టము దిగిన కొలది ఇంటి ఖర్చును, సీమ ఖర్చును పెరుగును. వాననీటిని పెరటిలోనే యింకించిన గృహిణి ఈ పనిని ముందే తగ్గించినదగును.

పెన్న యొడ్డున బుగ్గరామలింగేశ్వరుని గుడి గలదు. బుగ్గ యనగా తానై యుబుకు నీరు. ఎగువ నేలలో నింకిన వాననీటి స్థితిజశక్తియే సాధారణముగ బుగ్గలను నడపును. ఇంటి కడవకు మాత్రము అట్టి సదుపాయము లేదు. ఎవరో యొకరు మోయవలెను. కావున తల్లులకు మా మనవి: పాఠము చదివిన కొమార్తెచే ఈ లెక్కలు వేయింపుడు, అదే పాఠము చదివిన కుమారునిచే రోజునకు రెండు కడవలు మోయింపుడు. శాస్త్రపు సున్నకును, ఇంటి శ్రమకును గల భేద మిరువురికిని తెలియును.