అచ్చుకు అగ్నిపరీక్ష

లోహాన్ని పూర్తిగా కరగనివ్వకుండా, గట్టిగానూ ఉండనివ్వకుండా, నడిమధ్య స్థితిలో అచ్చులోకి నొక్కి భాగాలు తయారుచేసే పద్ధతి ఒకటుంది. ఆ స్థితిలో లోహం కదపకపోతే దిమ్మలా నిలబడుతుంది, కత్తి పెడితే వెన్నలా తెగుతుంది, ఒత్తితే పారుతుంది. 1970ల తొలినాళ్లలో అమెరికాలోని ఎంఐటీలో, మెర్టన్ ఫ్లెమింగ్స్ దగ్గర పరిశోధన చేస్తున్న డేవిడ్ స్పెన్సర్ ఈ గుణాన్ని గమనించాడు. నిజానికి ఆయన వెతుకుతున్నది పోతపోసిన లోహంలో పగుళ్లకు కారణం.

అల్యూమినియంతో పెద్ద పేచీ లేదు. 580 డిగ్రీల దగ్గర పని జరిగిపోతుంది, హెచ్13 రకం ఉక్కు అచ్చు తట్టుకుంటుంది. చిక్కంతా ఉక్కును ఇలా మలచడంలోనే. దానికి రకాన్ని బట్టి 1,250 నుంచి 1,500 డిగ్రీల దాకా వేడి కావాలి. హెచ్13ని గట్టిపరిచాక మళ్లీ వేడిచేసి టెంపర్ చేసేదే 600 డిగ్రీల అటూఇటూ. అచ్చు పైపొర అంతకు మించి వేడెక్కుతుంటే మెత్తబడుతుంది. కేటలాగులో రాసిన గట్టిదనం గది ఉష్ణోగ్రతలో కొలిచింది. అచ్చుకు ఆ సుఖం లేదు.

అందుకే అచ్చు పదార్థాన్ని పరీక్షించడానికి దాని నమూనా ముక్కను, ఉదాహరణకు, 750 డిగ్రీలకు వేడిచేసి 450కి దించుతారు. మళ్లీ ఎక్కిస్తారు, మళ్లీ దించుతారు. ఆ 300 డిగ్రీల తేడాకు 100 మిల్లీమీటర్ల ఉక్కు దాదాపు 0.4 మిల్లీమీటర్లు పెరగాలి. లోపలి చల్లని భాగం పైపొరను పెరగనివ్వదు. వేడిలో నలిగిన పైపొర చల్లారేటప్పుడు లాగుడుకు గురై పగులుతుంది. చివరికి ముక్కను కోసి, మెరుగుపెట్టి, పగులు ఎంత లోతుకు దిగిందో సూక్ష్మదర్శినిలో చూస్తారు.

ఇక ప్రత్యామ్నాయాలు. నికెల్ సూపర్ అల్లాయ్‌లు ఆ వేడిలోనూ బలం కోల్పోవు, కానీ వేడిని త్వరగా వదిలించుకోలేవు. మాలిబ్డినం మిశ్రమం టీజెడ్ఎం వ్యాకోచం ఉక్కులో సగానికన్నా తక్కువ. అయితే గాలి తగిలితే, 800 డిగ్రీలు దాటాక దాని ఆక్సైడ్ ఆవిరైపోతుంది. అచ్చు గాలిలో కలిసిపోవడమంటే ఇదే. సిలికాన్ నైట్రైడ్ ఉష్ణాఘాతానికి ఓర్చుకుంటుంది గానీ కరిగిన ఇనుముతో చర్య జరుపుతుంది. అల్యూమినా ఇనుముతో పేచీ పెట్టుకోదు, హఠాత్తుగా వేడి తగిలితే మాత్రం పగులుతుంది.

కాబట్టి పరీక్ష ఎలా పెడితే విజేత అలా వస్తుంది. శూన్యంలో పెడితే మాలిబ్డినం గెలుస్తుంది. కరిగిన ఉక్కును తాకించకపోతే సిలికాన్ నైట్రైడ్‌కు ఎదురుండదు. నివేదిక చేతికొస్తే ముందు చూడాల్సింది గాలి ఉందా, ఉక్కు తాకిందా, ఎన్నిసార్లు వేడెక్కించి చల్లార్చారు అన్నవే. గెలిచిన పదార్థం పేరు ఆ తర్వాత చదివినా ఆలస్యం కాదు.