గొల్లభామ కోసం కొండ దిగిన కోటయ్య

నరసరావుపేటకు సుమారు 12 కిలోమీటర్ల దూరంలో, మిరప, పత్తి చేల నడుమ కోటప్పకొండ ఉన్నది. ఏ వైపు నుంచి చూసినా మూడు శిఖరాలు కనిపిస్తాయి గనుక త్రికూటాద్రి అన్నారు. పాత గుంటూరు జిల్లాలోని ఈ క్షేత్రం 2022 నుంచి పల్నాడు జిల్లాలోకి వచ్చింది.

రుద్ర శిఖరంపై పాత కోటేశ్వరుని గుడి ఉంది. ఇప్పుడు త్రికోటేశ్వర స్వామి పూజలందుకొనేది దిగువనున్న బ్రహ్మ శిఖరం మీద. ఒకే స్వామికి రెండు చోట్ల గుడి ఎందుకు? ఆ కథ మన పల్లెల్లో ఇంటింటా చెప్పుకొనేదే.

కొండకావూరు గొల్లల ఆడపడుచు ఆనందవల్లి రోజూ రుద్ర శిఖరమెక్కి జంగమ దేవరను సేవించేది. ఒకనాడు ఆమె నీళ్లకుండను కాకి పడదోసింది. కాకులు ఈ కొండపై వాలరాదని ఆమె శపించిందట. నేటికీ కోటప్పకొండపై కాకి వాలదని ప్రతీతి. సేవ మాన్పించదలచి స్వామి ఆమెకు గర్భం కలిగించినా ఆమె మానలేదు. ఎక్కలేకపోతున్నాను, నీవే మా ఇంటికి రమ్మని వేడుకొంది. సరే, వెనుదిరిగి చూడకుండా ముందు నడవమన్నాడు స్వామి. బ్రహ్మ శిఖరం చేరేసరికి వెనుక వినవచ్చిన భీకర ధ్వనికి బెదిరి ఆమె తిరిగి చూసింది. స్వామి అక్కడే ఆగి లింగరూపుడయ్యాడు. ఆనందవల్లి ఆయనలో ఐక్యమైంది. తరువాత శివభక్తుడు సాలంకయ్య అక్కడ గుడి కట్టించాడని స్థలపురాణం.

స్వామి దక్షిణామూర్తి స్వరూపుడు కావడంతో ఇక్కడ కల్యాణోత్సవం లేదు, ధ్వజస్తంభమూ లేదు. ఆ లోటు కనబడనీయకుండా మహాశివరాత్రికి ఊరూరా ప్రభలు లేస్తాయి. వెదుళ్లు, మోకులు, రంగుగుడ్డలతో కట్టి విద్యుద్దీపాలు అలంకరించిన ఈ ప్రభలలో కొన్ని తాటిచెట్లను మించిన ఎత్తు. మిరపకాయ కల్లాలకు చేరే రోజులు కూడా అవే. పంట పండితే ప్రభ కడతామని మొక్కుకున్నవారు, పంట పోయినా అప్పుచేసి వచ్చేవారు, అందరి నోటా ఒకటే కేక: “చేదుకో కోటయ్యా!” బావిలో నీటిని చేదినట్లు తమను కష్టాల లోతు నుంచి పైకి లాగమని రైతు మాటలో రైతు వేడుకోలు అది.

స్వామి గుడికి కొంచెం దిగువన గొల్లభామ గుడి ఉన్నది. ఘాట్ రోడ్డు వచ్చాక అనేకులు వాహనాల్లో తిన్నగా పైకే వెళుతున్నారు. ముసలివారికి అది మేలే. అయితే స్వామి కొండ దిగింది ఎవరి కోసమో మరువరాదు. ఈ శివరాత్రికి కొండకు వెళ్లేవారు ఆ తల్లి గుడి ముందు కూడా ఒక్క నిమిషం నిలబడి రావడం ధర్మం.